శేష జీవితం



క్రిందటి నెలలో ఒక సాయంకాలం దగ్గరి ఊరి ఉన్నత పాఠశాల నుండి ఇద్దరు ఉపాధ్యాయులు మా ఇంటికి వచ్చారు. వారితో పనిచేసే ఒకాయన పదవీ విరమణ చేయబోతున్నారట. సన్మాన పత్రం వ్రాసి ఇమ్మని అడిగారు. తెలుగు పండితుడుగా పనిచేసినవానికి ఈ బాధ్యత పదవి దిగినా తప్పదు. లెక్కల మాస్టారును ఇంటికి వచ్చి లెక్కలు చేసిపెట్టమని ఎవరూ అడగరు. పండితుణ్ణి మాత్రం పెండ్లి పత్రిక మొదలు సంతాప తీర్మానం వరకు అన్నిటికీ అడుగుతారు. నాకు అది ఇష్టమే. లోపలికి పిలిచి, టీ ఇచ్చి, ఆయన వివరాలన్నీ కాగితంపై వ్రాసుకొన్నాను.

వారు వెళ్ళిన తరువాత వ్రాయడానికి కూర్చున్నాను. సంబోధన, గుణవర్ణన, సేవావివరం అలవాటు ప్రకారం సాగిపోయినవి. చివరి వాక్యం దగ్గర కలం నిలిచింది. "తమ శేష జీవితం ఆయురారోగ్య ఐశ్వర్యాలతో సుఖప్రదంగా సాగాలని" అని వ్రాయాలి. ముప్పది మూడేండ్ల ఉద్యోగంలో ఈ వాక్యాన్ని ఎన్నిమార్లు వ్రాశానో లెక్క లేదు. నా సన్మాన పత్రంలోనూ అదే వాక్యం ఉన్నది. నా పత్రం నేను వ్రాసుకోరాదు కనుక నా శిష్యుడొకడు వ్రాశాడు. నేను నేర్పిన వాక్యమే నాకు తిరిగి వచ్చింది.

శేషం అంటే ఏమిటి? భాగహారం చేసిన తరువాత దేనికీ చెందక అడుగున మిగిలేది శేషం. భోజనమైన తరువాత విస్తరిలో మిగిలేది ఉచ్ఛిష్టం, అదీ ఒక శేషమే. పదవి నుండి దిగిన మనిషి జీవితాన్ని మనం అంత మర్యాదగా అంత మాట అంటున్నామా అనిపించింది. ఆ రాత్రి ఆ వాక్యం వ్రాయలేదు. దానిని గురించి ఆలోచించినవి, దానితో పాటు జ్ఞాపకం వచ్చినవి ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుతాను. నేను 1959లో పుట్టాను. 1984లో ఉద్యోగంలో చేరి, 2017లో యాభై ఎనిమిదేండ్లు నిండగానే దిగాను. వరంగల్లు జిల్లాలో చేరిన నా సర్వీసు రిజిస్టరు జనగామ జిల్లాలో ముగిసింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా బచ్చన్నపేట జనగామలో చేరింది, ప్రక్కనున్న చేర్యాల, కొమురవెల్లి సిద్ధిపేటకు పోయినవి. మల్లన్న జాతరకు పోవాలంటే ఇప్పుడు మేము పొరుగు జిల్లాకు పోవాలి. మనిషి కదలకుండానే అతని చిరునామా మారడం వింతగా ఉంటుంది. వయస్సు కూడా ఇటువంటిదే. మనం ఎక్కడికీ పోము. ఒక ఉదయం లేచి చూస్తే మరొక జిల్లాలో ఉంటాము.

ఉపాధ్యాయ వృత్తి సుఖమైనదని లోకం అనుకొంటుంది. పొలం పనితో పోలిస్తే అది నిజమే. అయినా ప్రతి వృత్తీ శరీరంపై తన సంతకం చేసి పోతుంది. ఏడాదికి రెండు వందల పైచిలుకు పనిదినాలు, రోజుకు అయిదు పీరియడ్ల చొప్పున చూచినా ముప్పది మూడేండ్లకు ముప్పది మూడు వేల పీరియడ్లు నిలబడి పాఠం చెప్పాను. అరవై మంది పిల్లల తరగతిలో చివరి బల్లకు వినబడేటట్లు పద్యం చదవాలంటే గొంతు ఎంత పెంచాలో పండితులకు తెలుసు. ఇప్పుడు నా గొంతు సాయంకాలానికి బొంగురు పోతుంది. పిక్కలపై నరాలు నీలంగా ఉబ్బి ఉన్నవి. ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు పలుకుతుంది. కుడికంటి శుక్లం తీయించాను, ఎడమకన్ను వంతు కోసం చూస్తున్నది. సుద్దముక్క పొడి మాత్రం ఏ లెక్కలోకీ రాదు. అది పండితుని విభూతి.

వైద్యుడు నడవమన్నాడు. అరవై దాటినవారు వారానికి కనీసం నూట యాభై నిమిషాలు చురుకుగా నడవాలట. అబ్బాయి పట్నం నుండి నడక బూట్లు కొని పంపాడు. అవి వేసుకొని తెల్లవారుజామున జనగామ దారిలో నడవడం మొదలుపెట్టాను.

అది 2018 చలికాలం. రెండవ రోజో మూడవ రోజో ఎదురుగా మా గౌడ్ వచ్చాడు. నాకూ అతనికీ ఒకే ఈడు, ఒకే బడి, ఒకే పలక. భుజాన మోకు, నడుముకు ముత్తాదు, చేతిలో లొట్టి. నన్ను, నా బూట్లను ఎగాదిగా చూచాడు.

"ఏం పంతులూ, గింత పొద్దుగాల్నే యాడికి పోతున్నవ్?"

"యాడికి లేదే. డాక్టరు నడువుమన్నడు."

"నడిచి యాడికి పోతవ్?"

"గా కల్వర్టు దాంక పోయి మళ్ళొస్త."

అతడు కొంతసేపు ఆలోచించాడు. "అంటే పోయేది లేదు, తెచ్చేది లేదు. ఉత్తగ పోయి ఉత్తగ వస్తవ్. మంచి నౌకరే ఇది," అని నవ్వి వనం వైపు సాగిపోయాడు.

నేను కల్వర్టు దాకా పోయి తిరిగి వచ్చాను. ఆ రోజు నడక నాకు ఏమంత ఆరోగ్యం చేయలేదు.

తాడిచెట్టు ఎక్కడమంటే ఏమిటో పట్నం చదువరులకు కొంత చెప్పాలి. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే త్రాడు మోకు. పాదాలతో మ్రానును అదిమిపట్టి, మోకును ఒక్కొక్క జానెడు పైకి విసురుతూ ఎక్కాలి. పైన ఒక చేత్తో కత్తి పట్టి గెల కొసను పలుచగా గీయాలి. గీత ఎక్కువైతే గెల పాడవుతుంది, తక్కువైతే కల్లు దిగదు. లొట్టి మార్చి, నిండినదాన్ని దింపుకొని రావాలి. చెట్టుకు ప్రొద్దున ఒకసారి, మాపున ఒకసారి తప్పదు. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క చెట్టు పారుతుంది కనుక ఏడాదిలో సెలవులు కొద్ది. రోజుకు పది చెట్లు, చెట్టుకు ముప్పది అడుగులు, రెండు పూటలు అని తక్కువలో తక్కువ లెక్క వేసినా రోజుకు ఆరు వందల అడుగుల ఎత్తు. అనగా చార్మినారును ప్రతిదినం మూడు మార్లకు పైగా ఎక్కి దిగడం, అదీ మెట్లు లేకుండా.

ఈ వృత్తి వారిని తక్కువగా చూచే అలవాటు మన ప్రాంతంలో ఉండరాదు. మా జిల్లాలోనే ఖిలాషాపురం ఉన్నది. గీతవృత్తి కులంలో పుట్టి, మొగలు అధికారాన్ని ఎదిరించి, కోటలు కట్టిన సర్వాయి పాపన్న ఊరది. చిన్నప్పుడు ఆ కథను పాడేవారు వస్తే రాత్రంతా కూర్చుని వినేవాళ్ళం. గౌడ్ ముందు వరుసలో కూర్చునేవాడు.

బడిలోనూ ముందు వరుసే. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మా తరగతిలో పద్యం బాగా వచ్చినవాడు నేను కాదు, అతడు. అయ్యవారు ఒకసారి చదివితే అతనికి సగం వచ్చేది, రెండవసారికి అంతా వచ్చేది. గజేంద్ర మోక్షంలోని పద్యాలు అతడు రాగం తీసి చదువుతుంటే ప్రక్క తరగతి పిల్లలు కిటికీల దగ్గర నిలబడేవారు. మా జిల్లాలోని బమ్మెర పోతనగారి జన్మస్థలమని మాకు గొప్ప గర్వం. పోతన ఒంటిమిట్టవాడని కడప జిల్లావారు అంటారు. ఆ వివాదం నాకు వద్దు. పోతనగారు నాగలి పట్టి బ్రతికిన కవి అని మాత్రం లోకమంతా చెప్పుకొంటుంది. మా అయ్యవారు దానిని పదే పదే చెప్పేవారు. కాయకష్టమూ కవిత్వమూ ఒకే చేతిలో ఉండవచ్చునని ఆయన ఉద్దేశం. చేతిలో కష్టం మిగిలి, కవిత్వం జారిపోయేవారి సంగతి ఆయన చెప్పలేదు.

1972లో మేము ఏడవ తరగతి. ఆ ఏడు కరువు. చెరువు నెర్రెలు వారింది. ఆ ఎండకాలంలోనే గౌడ్ తండ్రి చెట్టుపై నుండి పడ్డాడు. ప్రాణం పోలేదు, నడుము పోయింది. బడి తెరచిన నాడు గౌడ్ స్థలం ఖాళీగా ఉన్నది. మూడు నాలుగు దినాల తరువాత ఆ స్థలంలోకి నేను జరిగి కూర్చున్నాను. అయ్యవారు పద్యం చదవమంటే ఇక నా వంతు మొదట వచ్చేది. అట్లా నాకు పద్యం వచ్చింది. తరువాత పండిత శిక్షణ, ఉద్యోగం, శాలువాలు వచ్చినవి. నా ప్రతిభ ఏమీ లేదని వినయం నటించడం లేదు. కష్టపడి చదివాను. కానీ ఆ ఖాళీ స్థలం లేకుంటే నా కష్టం ఎక్కడ కూర్చునేదో నాకు తెలియదు.

గౌడ్ మూడేండ్లు పశువులు కాచి, పదహారవ యేట తండ్రి మోకు భుజాన వేసుకొన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా ఈడువారు నలుగురు కూడితే తప్పక వచ్చే మాట ఒకటున్నది. "ఆ కాలపు తిండి వేరు, ఆ కాలపు బలం వేరు. జొన్నగట్క తిని, బావి నీరు త్రాగి, మన పెద్దలు నూరేండ్లు బ్రతికారు. ఇప్పటి వాళ్ళకు నలభై ఏండ్లకే చక్కెర, రక్తపోటు." నేనూ ఈ మాట చాలా మార్లు అన్నాను, తరగతిలో కూడా చెప్పాను. ఇప్పుడు దానిని వెనుకకు తీసుకొంటున్నాను.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏండ్లు. ప్రభుత్వ నమూనా నమోదు లెక్కల ప్రకారం 1970–75 నాటికి 49.7 ఏండ్లు. 2016–20 నాటికి 70. పసితనంలోనే పోయినవారు ఎక్కువ కాబట్టి ఆనాటి సగటు అంత తక్కువగా ఉన్నదని, పెరిగి పెద్దయినవారు అంతకంటె ఎక్కువే బ్రతికేవారని నాకు తెలుసు. అయినా నూరేండ్ల మాట మాత్రం నిజం కాదు. మా వాడకట్టులో నూరేండ్లకు దగ్గరగా బ్రతికిన తాత ఒక్కడే ఉండేవాడు. మేము ఆ ఒక్కణ్ణే జ్ఞాపకం పెట్టుకొన్నాము. అమ్మవారు పోసి పోయిన పిల్లలను, పురిట్లో పోయిన తల్లులను, నారికురుపు లేచి నెలల తరబడి మంచంలో మూలిగిన జీతగాండ్లను మరచిపోయాము. మేము పొగిడే ఆ బావి నీటి నుండే నారికురుపు వచ్చేది. మశూచి 1975తో, నారికురుపు 1996తో ఈ దేశాన్ని విడిచినవి. మిగిలినవారే మాట్లాడతారు, పోయినవారికి నోరు లేదు. అందుచేత గతకాలం ఎప్పుడూ ఆరోగ్యంగా కనిపిస్తుంది.

ఇంకొక మాట కూడా తరచుగా వింటాము. "కష్టం చేసేవానికి రోగం రాదు, వ్యాయామం వాని పనిలోనే ఉన్నది." గౌడ్ నన్ను చూచి నవ్వినప్పుడు నాకూ అట్లే అనిపించింది. నేను ఉత్తగా నడుస్తున్నాను, అతని చెమటకు అర్థమున్నది అనుకొన్నాను. డెన్మార్కు మొదలైన దేశాల పరిశోధకులు దీనిని గురించి చాలా పరిశీలించారు. తీరికవేళ ఇష్టపడి చేసే శారీరక శ్రమ గుండెకు మేలు చేస్తుంటే, కూలికోసం రోజంతా చేసే బరువు పని అటువంటి మేలు చేయడం లేదని, కొన్నిచోట్ల కీడే చేస్తున్నదని వారు గమనించారు. కారణం ఊహించలేనిది కాదు. నేను నడిచేది నలభై నిమిషాలు, ఆయాసం వస్తే ఆగుతాను, ఇంటికి రాగానే కుర్చీలో వాలుతాను. అతనికి ఆగే స్వేచ్ఛ లేదు. చెట్టు సగంలో ఆయాసం వస్తే ఎక్కడ కూర్చుంటాడు? కాబట్టి కష్టజీవి శరీరాన్ని చూచి "ఉక్కు" అని మెచ్చుకోవడంలో మనకొక సౌకర్యం ఉన్నది. ఉక్కు అన్న తరువాత దానికి విశ్రాంతి ఇవ్వనక్కరలేదు.

విశ్రాంతి ఎవరికి, ఏ వయస్సులో? దీనికి చాలా చోట్ల శరీరాన్ని అడిగి సమాధానం చెప్పలేదు. జర్మనీలో బిస్మార్కు కాలంలో 1889లో చేసిన వృద్ధాప్య పింఛను చట్టంలో వయస్సు డెబ్బది. 1916లో దానిని అరవై అయిదుకు దించారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1983లో ఉద్యోగుల విరమణ వయస్సును యాభై ఎనిమిది నుండి యాభై అయిదుకు తగ్గించారు, తరువాత మళ్ళీ యాభై ఎనిమిది చేశారు. తెలంగాణలో 2021లో అరవై ఒకటి అయింది. నేను నాలుగేండ్లు ముందు పుట్టిన పాపానికి మూడేండ్ల జీతం పోయిందని మిత్రులు ఇప్పటికీ నన్ను ఓదారుస్తుంటారు. మా తరువాతివారి స్థితి వేరు. 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారికి నావంటి పింఛను లేదు, వాటా చెల్లించే పద్ధతి వచ్చింది. వారి ఆందోళన న్యాయమైనదే. అయితే ఈ వాదాలన్నీ ఉద్యోగం ఉన్నవారి మధ్యనే జరుగుతున్నవి. మా ఊళ్ళో విరమణ అనే మాట వర్తించేది ఎందరికి? రైతుకు విరమణ లేదు. బీడీలు చుట్టే మా వదినకు లేదు. ఇంటి పని చేసే ఏ ఆడమనిషికీ ఏ కాలంలోనూ లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2014 నవంబరులో మొదలైన ఆసరా పథకంలో గీత కార్మికులకూ నేత కార్మికులకూ యాభై ఏండ్లకే పింఛను పెట్టారు. మొదట నెలకు వెయ్యి రూపాయలు, 2019లో 2016 రూపాయలు. మొత్తం మాట అట్లుంచి, ఆ యాభై అనే అంకెను నేను గౌరవిస్తాను. వృత్తిని బట్టి శరీరం అరిగే వేగం వేరని ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఒప్పుకొన్న చోటది. అరవై అయిదేండ్ల గుమాస్తా, యాభై ఏండ్ల గీత కార్మికుడు ఒకే ఈడువారని ఆ అంకె చెప్పుతున్నది. రాళ్ళు కొట్టేవారికి, మూటలు మోసేవారికి, వంగి నాట్లు వేసేవారికి కూడా ఈ లెక్క ఎందుకు వర్తించరాదు? వయస్సును పంచాంగంతో కాక పనితో కొలవాలన్నది నా అభిప్రాయం. ఇది కష్టమైన లెక్క అంటారు. జీతాల సవరణ సంఘాలు పైసలతో సహా లెక్కలు వేసిన దేశంలో ఈ లెక్క రాదంటే నమ్మలేను.

రెండవ మాట డబ్బుది. యాభై ఏండ్లకు విశ్రాంతికి అర్హుడవని చెప్పి, విశ్రాంతి తీసుకోవడానికి చాలని మొత్తం ఇస్తే అది విశ్రాంతి కాదు. గౌడ్ ఆ పింఛను తీసుకొంటూనే చెట్లెక్కాడు. నా పింఛను అతని పింఛనుకు ఎన్ని రెట్లో ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది.

2022 వానకాలంలో తడిసిన మ్రాను మీద అతని కాలు జారింది. మోకు పట్టి ఉండబట్టి ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది, ఇప్పుడు కర్రతో నడుస్తాడు. 2024 జూలైలో గీత కార్మికులకు "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో జారిపడకుండా కాపాడే పరికరాలు ఇవ్వడం మొదలైంది. కాటమయ్య వారి కులదైవం. చాలా మంచి పని. ఆ వార్త పత్రికలో చూచి, చదివి వినిపించాను. "కాటమయ్య నా యాళ్ళకు రాలే. నా కొడుకు యాళ్ళకన్న వచ్చిండు," అన్నాడు. అతని తండ్రి పడింది 1972లో. ఒక త్రాడు, ఒక కొక్కెం, ఒక పట్టీ మా ఊరి చెట్టు దగ్గరకు రావడానికి యాభై రెండేండ్లు పట్టింది.

ఇప్పుడు నా నడక దారి మారింది. కల్వర్టు దాకా పోను, గౌడ్ ఇంటి దాకా పోతాను. పోయేది ఉన్నది, తెచ్చేది ఉన్నది. అతని కోడలు టీ ఇస్తుంది. మేమిద్దరం వేపచెట్టు క్రింద కూర్చుంటాము. నాకీ మధ్య మరపు మొదలైంది. నిన్న కలిసిన మనిషి పేరు ఈ రోజు తట్టదు. కళ్ళద్దాలు తలపై పెట్టుకొని ఇల్లంతా వెదకుతాను. కొత్త జ్ఞాపకాలు ముందుగా పోతాయని, పాతవి చివరిదాకా నిలుస్తాయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిబో 1881లోనే వ్రాశాడు. దానికి సాక్ష్యం నాకు ఆ వేపచెట్టు క్రింద దొరికింది. ఒకనాడు ఊరకే గజేంద్ర మోక్షం సంగతి ఎత్తాను. గౌడ్ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత కళ్ళు మూసుకొని మొదలుపెట్టాడు. యాభై ఏండ్లు ఎవరూ అడగని పద్యాలు ఒకటి తరువాత ఒకటి వచ్చినవి. రాగం అదే. రెండు చోట్ల నేను తడబడ్డాను, అతడు అందించాడు.

ఆపిన తరువాత అన్నాడు: "పంతులూ, గా ఏనుగుకు బలమున్నన్ని దినాలు దేవుడు యాదికి రాలే. బలం తగ్గినంకనే పిలిచింది. మనకు గిప్పుడు మోకాళ్ళకు మొసలి పట్టింది."

ముప్పది మూడేండ్లు గజేంద్ర మోక్షం పాఠం చెప్పాను. ఇంత సులభంగా వివరించలేదు.

పాఠశాలల్లో కంఠస్థం వద్దని, అది బట్టీ చదువని ఇప్పుడు గట్టిగా చెప్పుతున్నారు. అర్థం తెలియని బట్టీ నాకూ ఇష్టం లేదు. కానీ పిల్లవానికి పన్నెండేండ్ల వయస్సులో ఇచ్చిన పద్యం అరవై అయిదేండ్ల వయస్సులో అతనికి తోడుంటుందని నేను కళ్ళారా చూచాను. బడి అతనికి ఉద్యోగం ఇవ్వలేదు, ఒక ధ్రువపత్రమైనా ఇవ్వలేదు. ఇచ్చింది ఆ నాలుగు పద్యాలే. వాటిని అతడు చెట్ల మీద కూడా పోగొట్టుకోలేదు.

పండితుని బుద్ధి కనుక మళ్ళీ మాటల దగ్గరకే వస్తాను. విరమణలో ఉన్న ధాతువు "రమ్". ఆనందించడం దాని అర్థం. "వి" చేరగానే అది ఆగిపోవడం అయింది. పనితో పాటు ఆనందం కూడా ఆగిపోవాలని ఆ మాట ఎవరినీ శాసించలేదు. వృద్ధుడు అనే మాటలో "వృధ్" ధాతువున్నది, పెరగడం దాని అర్థం. ఏక, ఏక కలిస్తే ఏకైక అయ్యే వృద్ధి సంధిలో ఉన్నదీ అదే. వృద్ధుడంటే పెరిగినవాడు. తరిగినవాడని మనమే అర్థం మార్చుకొన్నాము. ఇక శేషం. ప్రళయంలో అన్నీ పోగా మిగిలినవాడు కనుక ఆదిశేషునికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పుతారు. మిగిలినవాడు ఊరకే పడి ఉండడు, భూమిని మోస్తాడు. ఆ లెక్కన శేష జీవితం తప్పు మాట కాదు. ఏదో ఒక బరువు మోసే జీవితం అని చెప్పుకోవచ్చు.

అయితే ఎవరి బరువు? నావంటి పింఛనుదారులకు సమాజం ఊరకే అన్నం పెట్టుతున్నది. ఆ అన్నంలో గౌడ్ వంటివారి వాటా ఉన్నది. రోజుకు రెండు గంటలు ఎవరికో ఒకరికి పనికిరావడం దానం కాదు, బాకీ తీర్చడం. పింఛను దరఖాస్తు నింపడం, ఆసుపత్రి కాగితం చదివి పెట్టడం, పొరుగింటి పిల్లవానికి ఒక పద్యం చెప్పడం. ఇంతకంటె పెద్ద పనులు నాకు చేతకావు. ఇవి చేస్తున్నాను. మోకాలు పలకడం మానలేదు కానీ దాని మాట వినే తీరిక తగ్గింది.

సన్మాన పత్రం చివరి వాక్యాన్ని మరునాడు అట్లే వ్రాసి ఇచ్చాను, శేష జీవితంతో సహా. దానితో పాటు మరొక పత్రం కూడా వ్రాశాను. 1975 నుండి 2022 వరకు నలభై ఏడేండ్ల గీతవృత్తి సేవ చేసి మోకు దించిన మిత్రునికి. సంబోధన, గుణవర్ణన, సేవావివరం అన్నీ పద్ధతి ప్రకారమే ఉంచాను. ఎన్ని చెట్లు, ఎంత ఎత్తు, ఎన్ని వానకాలాలు లెక్క వేసి చేర్చాను. ఆ ఆదివారం వేపచెట్టు క్రింద అతని ఇంటివారి ముందు బిగ్గరగా చదివాను. శాలువా కప్పాను. నాకు వచ్చినవాటిలోనిదే, పెట్టెలో మడత విప్పకుండా ఉన్నది.

గౌడ్ కాగితం చేతిలోకి తీసుకొని అటూ ఇటూ త్రిప్పాడు.

"మంచిగ రాసినవ్ పంతులూ. మరి దీన్ని ఆఫీసుల చూపెడితే పింఛన్ ఏమన్న పెరుగుతదా?"

పెరగదన్నాను.

"గట్లయితే నీ దగ్గర్నే ఉంచు. మా ఇల్లు కురుస్తది, తడుస్తది."

ఆ పత్రం ఇప్పుడు నా దగ్గరే ఉన్నది, నా పత్రం ప్రక్కన. నేను ఎన్ని పత్రాలు వ్రాసినా జవాబు చెప్పలేని ప్రశ్న అతడు ఒక్క మాటలో అడిగాడు. చదువరులారా, మీ మీ ఊళ్ళలో మీతో ఒకే బల్లపై కూర్చుని, మధ్యలో లేచిపోయినవారు ఎవరో ఒకరు ఉంటారు. ఈసారి ఊరికి పోయినప్పుడు వారి ఇంటికి పోయి రండి. వారికి ఏ పద్యం జ్ఞాపకమున్నదో అడగండి. వారి కప్పు కురుస్తున్నదేమో కూడా చూడండి.

ఉంటాను.